సమాంతర ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోతోంది? ఆటోమేటిక్ పనితీరు విశ్లేషణపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంపీఐ (ప్రాసెస్‌లు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకునే పద్ధతి), ఓపెన్‌ఎంపీ (ఒకే మెమరీని పంచుకునే థ్రెడ్ల పద్ధతి)లతో ప్రోగ్రాములు రాసే ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థులు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలు ఎక్కువగా స్కలాస్కా అనే టూల్ నుంచి తీసుకున్నాను. రోజూ వాడేది అదే కాబట్టి దాని గురించే నమ్మకంగా చెప్పగలను. మీరు వేరే టూల్ వాడుతున్నా ఇక్కడ చెప్పిన విషయం చాలావరకు వర్తిస్తుంది.

కోర్లు రెట్టింపు చేశాను, టైము సగం కాలేదు. ఎందుకు?

దీనికి పాత జవాబు ఒకటుంది. జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన లెక్క ప్రకారం, ప్రోగ్రాంలో సమాంతరంగా నడపలేని భాగం 5 శాతం ఉంటే ఎన్ని వేల కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. 64 కోర్లు పెడితే వచ్చేది 15 రెట్ల చిల్లర.

నేను చూసిన ప్రోగ్రాముల్లో మాత్రం ఆ 5 శాతం కంటే ముందు దెబ్బ కొట్టేది ఎదురుచూపు. పెళ్లిలో బంతి భోజనాలు గుర్తు చేసుకోండి. బంతిలో వందమంది కూర్చుంటారు. తొంభైతొమ్మిది మంది పది నిమిషాల్లో తినేసినా, ఒక పెద్దాయన నిదానంగా ఇరవై నిమిషాలు తింటే రెండో బంతికి విస్తళ్లు వేసేది ఇరవై నిమిషాల తర్వాతే. ఎంపీఐలో బ్యారియర్ అచ్చంగా ఇలాగే పనిచేస్తుంది. అందరూ వచ్చేదాకా ఎవరూ ముందుకు కదలరు. కోర్లు పెంచుతున్నకొద్దీ ఎక్కడో ఒకచోట ఒకరు ఆలస్యం అయ్యే అవకాశం పెరుగుతుంది, ఆ ఆలస్యానికి కాచుకుని కూర్చునేవాళ్ల సంఖ్య కూడా పెరుగుతుంది.

టైమర్లు పెట్టి చూసుకుంటే సరిపోదా? ఇంకో టూల్ ఎందుకు?

ఒకే కోర్ మీద నడిచే ప్రోగ్రాంకి చాలావరకు సరిపోతుంది. 1982లో వచ్చిన జీప్రాఫ్ దగ్గర్నుంచి సంప్రదాయ ప్రొఫైలర్లన్నీ చెప్పేది ఇదే: ఏ ఫంక్షన్‌లో ఎంత టైము పోయింది అని. సమాంతర ప్రోగ్రాంలో ఆ అంకె మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎంపీఐలో ఒక్కో ప్రాసెస్‌ని ర్యాంకు అంటారు; సెండ్ అంటే మెసేజ్ పంపడం, రిసీవ్ అంటే తీసుకోవడం. రెండో ర్యాంకు 10వ సెకనులో రిసీవ్ పిలిచింది. మొదటి ర్యాంకు 14వ సెకనుకి గానీ సెండ్ దగ్గరికి రాలేదు. డేటా చేరడానికి ఇంకో 0.2 సెకన్లు పట్టింది. ప్రొఫైల్‌లో మీకు కనిపించేది "రిసీవ్: 4.2 సెకన్లు" అని మాత్రమే. చూసినవాళ్లెవరైనా నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందనుకుంటారు. నెట్‌వర్క్ వాడింది 0.2 సెకన్లే, మిగతా నాలుగూ ఉత్తి ఎదురుచూపు. ఆ నాలుగుని విడదీయాలంటే రెండు ర్యాంకుల్లోనూ ఏది ఎప్పుడు జరిగిందో టైముతో సహా రాసిపెట్టుకోవాలి. అలా రాసిన చిట్టానే ట్రేస్ అంటారు.

"ఆటోమేటిక్" అన్నారు. ఏది ఆటోమేటిక్?

వెతకడం. సరిచేయడం మీ పనే.

ట్రేస్‌ని బొమ్మగా చూపించే టూల్స్ 1990ల నుంచే ఉన్నాయి. వ్యాంపిర్‌లో ఒక్కో ప్రాసెస్‌కి ఒక్కో అడ్డగీత, దానిమీద రంగురంగుల పట్టీలు, మెసేజ్‌లకి మధ్యలో గీతలు. పదహారు ప్రాసెస్‌లకి అది చాలా బాగుంటుంది. పదహారు వేలకి కన్ను ఆనదు. వాటిలో ఒక గంట రన్‌లో ఏ క్షణం దగ్గర చూడాలో ముందే తెలిస్తే తప్ప ఏమీ దొరకదు.

అందుకని వెతికే పనిని కూడా కంప్యూటర్‌కే అప్పగించాలన్న ఆలోచన వచ్చింది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బార్టన్ మిల్లర్ బృందం తయారుచేసిన ప్యారాడిన్ ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి. ఎందుకు, ఎక్కడ, ఎప్పుడు అనే మూడు ప్రశ్నలు వేసుకుంటూ, ప్రోగ్రాం నడుస్తుండగానే అనుమానం ఉన్నచోట కొలతలు చొప్పించేది. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో ఫెలిక్స్ వోల్ఫ్, బెర్న్‌డ్ మోర్ వాళ్లు ఇంకో దారి పట్టారు: రన్ అయిపోయాక ట్రేస్‌లో తెలిసిన జబ్బుల లక్షణాల కోసం గాలించడం. మొదట కోజాక్ అనే టూల్ వచ్చింది, 2006 నుంచి దాని వారసురాలిగా స్కలాస్కా.

ఆ లక్షణాలకి పేర్లున్నాయి. పంపేవాళ్లు ఆలస్యమైతే "లేట్ సెండర్". తీసుకునేవాళ్లు సిద్ధంగా లేక పంపేవాళ్లు ఇరుక్కుంటే "లేట్ రిసీవర్". బ్యారియర్ దగ్గర ముందే వచ్చి కూర్చుంటే "వెయిట్ ఎట్ బ్యారియర్". అందరి విలువలూ కూడి అందరికీ పంచే ఆపరేషన్ల దగ్గరైతే "వెయిట్ ఎట్ ఎన్ ఇంటు ఎన్". టూల్ ప్రతి మెసేజ్‌నీ, ప్రతి సామూహిక ఆపరేషన్‌నీ చూసి, ఏ రకం ఎదురుచూపు, ఏ ఫంక్షన్‌లో, ఏ ర్యాంకులో, ఎన్ని సెకన్లో పట్టిక వేసి ఇస్తుంది.

ఎదురుచూస్తున్న ర్యాంకు తెలిసింది. దాన్ని సరిచేస్తే అయిపోయినట్టేనా?

లేదు. నన్నడిగితే ఈ పేజీ మొత్తంలో మీరు తప్పకుండా చదవాల్సిన జవాబు ఇదే.

కట్టుబడి జరిగే చోట చూడండి. మూడో అంతస్తులో తాపీ మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యజమాని వచ్చి చూస్తే "మేస్త్రి పని చేయడం లేదు" అనిపిస్తుంది. కానీ అతనికి మాలు రాలేదు. మోసే కూలీని అడిగితే కింద ఇంకా కలపలేదంటాడు. కలిపేవాళ్లని అడిగితే ఇసుక లారీ ఇప్పుడే వచ్చిందంటారు. ఖాళీగా కనిపించింది మేస్త్రి, ఆలస్యం మొదలైంది లారీ దగ్గర. మధ్యలో కూలీ తాను ఎదురుచూసి, ఆ ఎదురుచూపునే పైకి మోసుకొచ్చాడు.

ఎంపీఐ ప్రోగ్రాముల్లోనూ ఆలస్యం ఇలా ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. స్కలాస్కాలో మూలకారణ విశ్లేషణ అనే భాగం దీన్ని తవ్వుతుంది. ఎదురుచూపు కనబడిన చోటు నుంచి వెనక్కి నడుచుకుంటూ వెళ్లి, అవతలి ర్యాంకు ఆ సమయంలో ఏ ఫంక్షన్‌లో అదనంగా టైము గడిపిందో పట్టుకుంటుంది. అక్కడ కూడా ఎదురుచూపే ఉంటే ఇంకా వెనక్కి వెళ్తుంది. చివరికి అసలు పని చేస్తూ ఆలస్యమైన చోటు దొరుకుతుంది. అందరూ కలిసి పోగొట్టుకున్న సెకన్లను ఆ ఫంక్షన్ ఖాతాలో రాస్తుంది. అక్కడ గడిచింది అర సెకను అదనమే అయినా, దానివల్ల వెయ్యి ర్యాంకులు ఆగితే ఖాతాలో పడేది ఐదువందల సెకన్లు.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి బంగాళాఖాతం ప్రవాహాల మీద ఒక మోడల్ నడిపేది. మ్యాపుని సమానమైన దీర్ఘచతురస్రాలుగా కోసి ఒక్కో ర్యాంకుకి ఒక్కోటి ఇచ్చింది. సమానంగా పంచాను కదా అని ఆమె నమ్మకం. ప్రొఫైల్ చూస్తే కొన్ని ర్యాంకులు సగానికి పైగా టైము రిసీవ్‌లోనే ఉన్నాయి. నెట్‌వర్క్ లోపమనుకుని రెండు వారాలు మెసేజ్‌ల సైజులు మార్చి మార్చి చూసింది. ఎంత టెన్షన్ పడిందో నాకు తెలుసు, గడువు దగ్గరపడింది. మూలకారణ విశ్లేషణ నడిపాక తెలిసింది: ఎదురుచూస్తున్నవి తీరం లోపలి నేల మీద పడిన ముక్కలు. వాటిలో నీళ్లు లేవు, లెక్కించడానికి పనీ లేదు. క్షణంలో ముగించుకుని పక్కవాళ్ల అంచు విలువల కోసం కూర్చున్నాయి. ఆలస్యం ఖాతా అంతా నడిసముద్రం మీద పడిన ర్యాంకుల లెక్కల ఫంక్షన్‌లో ఉంది. వైశాల్యాన్ని బట్టి పంచడం మానేసి నీటి గళ్ల సంఖ్యను బట్టి పంచింది. మెసేజ్ కోడ్‌లో ఒక్క వరుస కూడా మార్చాల్సిన పని పడలేదు.

వేల ప్రాసెస్‌ల ట్రేస్‌ని విశ్లేషించడానికే ఏడాది పట్టదా?

ఒకే కంప్యూటర్ మీద వరుసగా చదివితే నిజంగానే కుదరదు. కోజాక్ అన్ని ట్రేస్‌లనూ ఒకే ఫైలుగా కలిపి వరుసగా చదివేది, అది పెద్ద యంత్రాల దగ్గర ఆగిపోయింది. స్కలాస్కాలోని తెలివి నాకు చాలా ఇష్టం. రన్ అయిపోగానే, అవే కోర్ల మీద, అన్నే ప్రాసెస్‌లతో విశ్లేషణ మొదలవుతుంది. ఒక్కో ప్రాసెస్ తన ట్రేస్‌ను మాత్రమే చదువుతుంది. అసలు ప్రోగ్రాం ఎక్కడ మెసేజ్ పంపిందో అక్కడ విశ్లేషణ ప్రాసెస్ కూడా ఒక మెసేజ్ పంపుతుంది, కాకపోతే అందులో డేటాకి బదులు "నేను సెండ్‌లోకి ఇన్ని గంటలకి వచ్చాను" అన్న సమాచారం ఉంటుంది. తీసుకున్న ప్రాసెస్ తన టైముతో పోల్చి తేడా చెప్పేస్తుంది. అంటే నాటకాన్ని అవే పాత్రలతో మళ్లీ ఆడించడం. మూలకారణం కోసం అదే నాటకాన్ని చివరి నుంచి మొదటికి, మెసేజ్‌ల దిశ తిప్పి ఆడిస్తారు.

ఈ పద్ధతితో యూలిష్‌లోని యూజీన్ అనే బ్లూ జీన్ యంత్రం మీద, ఉన్న 2,94,912 కోర్లనూ వాడిన రన్‌ను విశ్లేషించి 2010లో ప్రచురించారు. ప్రోగ్రాం పేరు స్వీప్ త్రీడీ.

వేర్వేరు నోడ్‌ల గడియారాలు ఒకటిగా ఉండవు కదా? టైములు పోల్చడం ఎలా?

మంచి ప్రశ్న, చాలామందికి తట్టదు. నోడ్ అంటే పెద్ద యంత్రంలోని ఒక్కో కంప్యూటర్. ఒక్కో నోడ్ గడియారం ఒక్కో వేగంతో చాలా స్వల్పంగా పక్కకి జరుగుతూ ఉంటుంది. సరిచూసుకోకపోతే ట్రేస్‌లో మెసేజ్ పంపకముందే చేరినట్టు కనిపిస్తుంది. కొలతలు తీసే స్కోర్-పీ అనే టూల్ రన్ మొదట్లో, చివర్లో గడియారాల తేడాలు చూసి మధ్యలో సర్దుతుంది. ఆ తర్వాతా తలకిందులైన మెసేజ్‌లు మిగిలితే, స్కలాస్కాని టైములు సరిదిద్దమని అడగొచ్చు. పంపడం ముందు, అందడం తర్వాత అన్న ఒక్క నియమాన్ని పట్టుకుని మిగతా సంఘటనలను జరుపుతుంది.

స్కోర్-పీ, స్కలాస్కా, క్యూబ్... ఏది ఏమిటి?

స్కోర్-పీ కొలిచేది. 2012లో వచ్చింది. అంతకుముందు ప్రతి బృందానికీ సొంత కొలత పద్ధతి, సొంత ఫైలు రకం ఉండేవి. ఒకసారి కొలిస్తే స్కలాస్కా, వ్యాంపిర్, ఒరెగాన్ విశ్వవిద్యాలయం వాళ్ల టావ్ అన్నీ వాడుకునేలా కలిసి తయారుచేశారు. స్కలాస్కా విశ్లేషించేది. క్యూబ్ ఫలితం చూపించేది. స్కోర్-పీ, స్కలాస్కా, క్యూబ్ మూడూ ఉచితం, సోర్స్ కోడ్‌తో సహా.

కొలతలు పెట్టాక నా ప్రోగ్రాం ఐదు రెట్లు నెమ్మదించింది. ఈ ఫలితాలు నమ్మొచ్చా?

వద్దు. అలాంటి రన్ ఫలితం చూపించి ఎవరికీ ఏమీ చెప్పకండి.

దీనికి సాధారణంగా కారణం చిన్న చిన్న ఫంక్షన్లు. స్కోర్-పీతో కంపైల్ చేస్తే ప్రతి ఫంక్షన్ మొదట్లో, చివర్లో ఒక నమోదు జరుగుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో ఒక విలువ తెచ్చి ఇచ్చే రెండు వరుసల ఫంక్షన్ కోట్లసార్లు పిలవబడుతుంది. అసలు పని కన్నా రాసుకునే పని ఎక్కువైపోతుంది. అంతేకాదు, అలాంటి ఫంక్షన్లు ఎక్కువున్న ర్యాంకు మిగతావాళ్ల కంటే వెనకబడి, లేని ఎదురుచూపుని కొత్తగా పుట్టిస్తుంది.

అందుకే ఈ వరుస తప్పకండి. ముందు కొలతలేవీ లేకుండా నడిపి టైము రాసుకోండి. తర్వాత ట్రేస్ లేకుండా ప్రొఫైల్ మాత్రమే తీయండి. ఆ ప్రొఫైల్‌ని స్కోర్-పీతో వచ్చే స్కోర్ కమాండ్‌కి ఇస్తే, ఏ ఫంక్షన్ ఎన్నిసార్లు పిలవబడింది, ట్రేస్ తీస్తే ఎంత మెమరీ కావాలి అని అంచనా చెబుతుంది. ఎక్కువసార్లు పిలవబడి తక్కువ టైము తినే ఫంక్షన్ల పేర్లు ఫిల్టర్ ఫైలులో రాసి వదిలించుకోండి. ఫిల్టర్‌తో మళ్లీ నడిపి, టైము మొదటి అంకెకి దగ్గరగా వచ్చిందని చూసుకున్నాకే ట్రేస్ తీయండి. నేనైతే పది శాతం తేడా దాటితే ఫిల్టర్ మళ్లీ సవరిస్తాను.

మెమరీ గురించి ఇంకో మాట. స్కోర్-పీ ఒక్కో ప్రాసెస్‌కి మామూలుగా 16 మెగాబైట్ల చోటు మాత్రమే పెట్టుకుంటుంది. ట్రేస్‌కి అది తరచుగా చాలదు. నిండిపోతే రన్ మధ్యలో డిస్క్‌కి రాయడం మొదలుపెడుతుంది, ఆ రాతకి పట్టే టైము మీ ప్రోగ్రాం ఎదురుచూపులో కలిసిపోతుంది. స్కోర్ కమాండ్ చెప్పిన అంకెను ముందే పెట్టండి.

శాంప్లింగ్ మేలా, ఇదా?

రైస్ విశ్వవిద్యాలయం వాళ్ల హెచ్‌పీసీటూల్‌కిట్‌లా కాసేపటికోసారి ప్రోగ్రాం ఎక్కడుందో చూసి రాసుకునేది శాంప్లింగ్. భారం తక్కువ, కోడ్‌ను మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు. ఎక్కడ టైము పోతోందో త్వరగా తెలుసుకోడానికి బాగుంటుంది. ఫలానా మెసేజ్ ఫలానా ర్యాంకు కోసం ఎంతసేపు ఆగింది అన్నది దానితో కుదరదు.

క్యూబ్ తెరిస్తే మూడు చెట్లు కనిపిస్తున్నాయి. ఎలా చదవాలి?

ఎడమ నుంచి కుడికి. ఎడమ చెట్టు ఏమిటి సమస్య అని (లేట్ సెండర్, బ్యారియర్ వగైరా). మధ్య చెట్టు ప్రోగ్రాంలో ఎక్కడ అని. కుడి చెట్టు ఏ నోడ్, ఏ ర్యాంకు అని. ఎడమవైపు ఒకటి నొక్కితే మిగతా రెండూ దానికి తగ్గట్టు మారతాయి.

కొత్తవాళ్లు తడబడేది ఒకచోట. కొమ్మ మూసి ఉంటే కింద ఉన్నవన్నీ కలిపిన అంకె, తెరిస్తే దాని సొంత అంకె మాత్రమే. తెరవగానే అంకె తగ్గిపోయిందేమిటని కంగారు పడొద్దు, మిగతాది పిల్ల కొమ్మల్లోకి వెళ్లింది.

నా ప్రోగ్రాం బాగుందా లేదా అని ఒక్క అంకెలో చెప్పగలరా?

యూరప్‌లో పాప్ అనే కేంద్రం 2015 నుంచి వాడుతున్న లెక్క ఉంది, నాకు నచ్చింది. నాలుగు ర్యాంకులు అసలు లెక్కల్లో 60, 60, 60, 100 సెకన్లు గడిపాయి అనుకోండి. సగటు 70, గరిష్ఠం 100. పని పంపకం సామర్థ్యం 70 శాతం. మొత్తం రన్ 125 సెకన్లు పట్టింది, అంటే అందరికంటే ఎక్కువ పని చేసిన ర్యాంకు కూడా 25 సెకన్లు మెసేజ్‌ల్లో పోగొట్టుకుంది. కమ్యూనికేషన్ సామర్థ్యం 80 శాతం. రెండూ గుణిస్తే సమాంతర సామర్థ్యం 56 శాతం. ఇక్కడ నెట్‌వర్క్ కంటే ముందు పని పంపకం చూడాలని అంకెలే చెబుతున్నాయి.

ఎదురుచూపులు దాదాపు లేవని టూల్ చెప్పింది. అయినా నెమ్మదిగానే ఉంది.

అప్పుడు సమస్య కోర్ లోపల ఉంది. మెమరీ నుంచి డేటా రావడానికే ఎక్కువ టైము పోతుండవచ్చు. స్కోర్-పీకి టెనెసీ విశ్వవిద్యాలయం వాళ్ల పాపీ లైబ్రరీని జత చేస్తే ప్రాసెసర్‌లోని కౌంటర్లు చదవొచ్చు: ఎన్ని క్లాక్ సైకిళ్లు, ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు, క్యాష్‌లో (కోర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీలో) ఎన్ని దొరకలేదు. ఒక నోడ్‌లో కోర్లు పెంచేకొద్దీ సైకిల్‌కి జరిగే ఇన్‌స్ట్రక్షన్లు పడిపోతుంటే మెమరీ దగ్గర తోపులాట జరుగుతోందని అనుమానించాలి.

తప్పు నా ప్రోగ్రాంలో కాకుండా యంత్రంలో ఉండొచ్చా?

ఉండొచ్చు. అమెరికాలోని లాస్ అలమోస్‌లో ఆస్కీ క్యూ అనే యంత్రం ఉండేది, దాని 8,192 ప్రాసెసర్ల మీద సేజ్ అనే ప్రోగ్రాం లెక్క ప్రకారం రావాల్సిన వేగం రాలేదు. విచిత్రమేమిటంటే, నోడ్‌కి నాలుగు ప్రాసెసర్లుంటే మూడే వాడినప్పుడు బాగా నడిచేది. పెట్రీనీ, కెర్బిసన్, పాకిన్ అనే పరిశోధకులు 2003లో కారణం బయటపెట్టారు. ప్రతి నోడ్‌లోనూ ఆపరేటింగ్ సిస్టం సొంత పనులు కొద్దిపాటి సమయం తీసుకుంటాయి. ఒక నోడ్‌లో అవి లెక్కలోకి రావు. కానీ ఒక్కో నోడ్‌లో ఒక్కో క్షణంలో జరగడంతో, ప్రతి సామూహిక ఆపరేషన్ దగ్గరా ఎవరో ఒకరు ఆలస్యమే. ఆ అంతరాయాలు తగ్గించాక, ప్రోగ్రాంలో ఏమీ మార్చకుండానే వేగం రెట్టింపైంది.

మీ ఫలితాల్లో ఆలస్యం ప్రతిసారీ ఒకే ర్యాంకులో, ఒకే ఫంక్షన్‌లో కాకుండా చెల్లాచెదురుగా, రన్ రన్‌కీ మారుతూ ఉంటే ఈ కథ గుర్తు తెచ్చుకుని యంత్రం చూసుకునేవాళ్లతో మాట్లాడండి.

జీపీయూలకి పనికొస్తుందా?

స్కోర్-పీ సీయూడీఏ (CUDA, ఎన్విడియా జీపీయూలకి ప్రోగ్రాములు రాసే పద్ధతి) పిలుపులను నమోదు చేస్తుంది, అంటే కెర్నెల్ (జీపీయూ మీద నడిచే ఫంక్షన్) ఎప్పుడు మొదలైంది, కాపీకి ఎంత పట్టింది వంటివి కనిపిస్తాయి. కెర్నెల్ లోపల ఏం జరుగుతోందో చూడాలంటే జీపీయూ తయారుచేసినవాళ్ల టూలే వాడాలి.

పెద్ద యంత్రం మీద టైము దొరకలేదు. చిన్న రన్‌లు చూసి పెద్ద రన్ గురించి చెప్పగలమా?

కొంతవరకు. ఎక్స్‌ట్రా-పీ అనే టూల్‌కి కనీసం ఐదు వేర్వేరు ప్రాసెస్ సంఖ్యలతో తీసిన కొలతలు ఇస్తే, ప్రతి ఫంక్షన్‌కీ టైము ప్రాసెస్‌ల సంఖ్యతో ఎలా పెరుగుతుందో సూత్రం కడుతుంది. 64 ప్రాసెస్‌ల దగ్గర ఒక శాతమే తినే ఫంక్షన్ వేగంగా పెరిగే రకమైతే, ముందే పట్టుబడుతుంది. యంత్రం మారితే, లేదా సమస్య పరిమాణం క్యాష్‌లో ఇమిడే స్థాయి దాటితే ఆ సూత్రం మీద ఆధారపడకండి.

హైదరాబాద్‌లో ఉన్నాను. ఎక్కడ నేర్చుకోవచ్చు?

మీ ల్యాప్‌టాప్‌లోనే మొదలుపెట్టండి, నాలుగు ప్రాసెస్‌లు చాలు. లేట్ సెండర్ నాలుగు ప్రాసెస్‌ల్లో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక ర్యాంకులో కావాలని రెండు సెకన్ల నిద్ర పెట్టి, టూల్ దాన్ని పట్టుకుంటుందో లేదో చూడండి. జవాబు ముందే తెలిసిన ప్రశ్నతో టూల్‌ని పరీక్షించడం కన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. ఆ తర్వాత పెద్ద యంత్రం కావాలంటే, జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవా ఉంది, 838 టెరాఫ్లాప్స్ యంత్రం. మీ గైడ్ ద్వారా అడిగి చూడండి.

సమస్య దొరికి సరిచేశాను. ఇప్పుడు?

అదే ఇన్‌పుట్, అవే నోడ్‌ల సంఖ్య, అదే ఫిల్టర్‌తో మళ్లీ కొలవండి. ఒక్కసారి కాదు, కనీసం మూడుసార్లు. పాత క్యూబ్ ఫైలు పారేయకండి. పాత, కొత్త ఫైళ్లను ఒకదాన్నుంచి ఒకటి తీసివేసి చూపించే కమాండ్ క్యూబ్‌లో ఉంది. ఆ తేడాలో ఎదురుచూపు నిజంగా తగ్గిందా, లేక బ్యారియర్ దగ్గర్నుంచి తర్వాతి రిసీవ్‌లోకి జరిగిందా అన్నది కనిపిస్తుంది. జరిగితే మొత్తం టైము దాదాపు అలాగే ఉంటుంది, అప్పుడు మూలకారణ విశ్లేషణ మళ్లీ నడపాలి.